చిరునామా పూరించేదెవరు?

లినక్సు యంత్రాల్లో ‘రీడ్‌ఎల్ఫ్’ అనే పనిముట్టు ఒకటి ఉంది. కంపైలైన ప్రోగ్రామునొకదాన్ని దాని చేతికిచ్చి రీలొకేషన్ ఎంట్రీలు చూపమంటే, తెర నిండా ఒక చిట్టా పరుచుకుంటుంది. ఈ ఎంట్రీలను నేను పద్దులంటాను, ఎందుకంటే అవి అచ్చంగా తీరని బాకీల లెక్కలే. ప్రోగ్రాములో ఫలానా గడి ఖాళీగా ఉంది, ఫలానా పేరుగల ఫంక్షన్ మెమరీలో ఎక్కడ కూర్చున్నదో తేలాక ఆ చిరునామా అక్కడ వ్రాయాలి అన్నది పద్దు సారాంశం. 64 బిట్ల ఇంటెల్ తరహా యంత్రాలలో ఒక్కొక్కటి 24 బైట్లు. ఎక్కడ పూరించాలి, ఏ పేరును ఏ రీతిన పూరించాలి, ఎంత కలపాలి అన్న వివరాలు అందులో ఇముడుతాయి.

ఈ బాకీ పుట్టింది కేంబ్రిడ్జిలో. 1949 మేలో అక్కడ ఎడ్‌శాక్ కంప్యూటరు మొదటి ప్రోగ్రామును నడిపింది. తరచు అవసరమయ్యే లెక్కలను కాగితపు టేపులపై గుచ్చి దాచుకుని, కావలసినప్పుడు కొత్త ప్రోగ్రాములో చేర్చుకోవాలని మారిస్ విల్క్స్ బృందం ఆలోచన. చిక్కంతా చిరునామాలతోనే. ఒక టేపు ఇవాళ మెమరీలో ఒకచోట చేరితే రేపు మరోచోట చేరుతుంది, లోపలి ఆదేశాలలోని అంకెలన్నీ తప్పిపోతాయి. అదే ఏడాది డేవిడ్ వీలర్ ఒక ఉపాయం పన్నాడు. టేపు చదివే ప్రారంభ ఆదేశాలను తిరగవ్రాసి, ఏ ఆదేశం చివర తీటా అక్షరం ఉంటే దాని అంకెకు ఆ టేపు మొదలైన స్థానాన్ని కలిపేటట్లు చేశాడు. ఆ పనంతా 41 ఆదేశాలలో సరిపెట్టాడు! నేటి పద్దుకు ఆ తీటాయే మూలపురుషుడు.

వీలర్ పద్ధతిలో ఖాళీలు టేపు చదివేటప్పుడే నిండిపోతాయి. 1965 నాటికి ఎం.ఐ.టి., బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి తలపెట్టిన మల్టిక్స్ ఇంకొక అడుగు వేసింది. ప్రోగ్రాము నడుస్తూ ఒక పేరును మొదటిసారి తాకినప్పుడే వ్యవస్థ మధ్యలో ఆగి, ఆ పేరును వెదకి, చిరునామా వ్రాస్తుంది. రెండోసారి నుంచి దారి సూటి. యూనిక్స్ తొలినాళ్ళలో ఈ ఆడంబరమంతా వదిలేసి, ప్రతి ప్రోగ్రాములోనూ లైబ్రరీ నకలు కూరింది. 1988లో సన్ సంస్థ సన్‌ఓఎస్ 4.0తో ఉమ్మడి లైబ్రరీలను తెచ్చింది. లినక్సు మాత్రం 1995 ప్రాంతంలో ఎల్ఫ్ రూపానికి మారేదాకా, ప్రతి ఉమ్మడి లైబ్రరీకీ స్థిరమైన చిరునామా ముందే కేటాయించుకుని, ఒకదాని మీద ఒకటి పడకుండా సర్దుకోవలసి వచ్చేది. ఇళ్ళస్థలాల పంపకం లాంటి వ్యవహారం!

ఎల్ఫ్‌లో గమనించదగిన సంగతొకటి ఉంది. లైబ్రరీ కోడును పలు ప్రోగ్రాములు పంచుకుంటాయి గనుక అందులో దిద్దుబాట్లు పనికిరావు. అందుకని ఖాళీలన్నిటినీ ‘గ్లోబల్ ఆఫ్‌సెట్ టేబుల్’ అనే పట్టికలోకి చేర్చారు, ఆ పట్టిక మాత్రం ఎవరిది వారికే. మీ చిట్టాలో ‘జంప్ స్లాట్’ అని కనిపించే పద్దులు ఆ పట్టికలోని గళ్ళనే చూపుతాయి. మల్టిక్స్ రీతిన తొలి పిలుపుదాకా పూరణ వాయిదా వేస్తే ప్రోగ్రాము త్వరగా మొదలవుతుంది. కాని అలాగైతే ఆ గళ్ళు నడిచినంతసేపూ వ్రాతకు తెరచి ఉండాలి, అంటే తెల్లకాగితం మీద సంతకం చేసి బల్ల మీద వదిలినట్లే. మరొక లోపం ద్వారా ఒక్క గడిని మార్చగలిగిన దుండగుడు పిలుపునే దారి మళ్ళించగలడు. అందుకే ముందుగానే అన్నీ పూరించి, పట్టికకు తాళం వేసే ‘రెల్‌రో’ పద్ధతి వచ్చింది.

తాళం వేయడానికి ముందు క్షణం ఒకటి ఉంటుంది. ‘ఐఫంక్’ అనే వెసులుబాటులో చిరునామా సూటిగా ఉండదు. లింకరు ఒక చిన్న ఫంక్షన్‌ను నడిపి, అది చెప్పిన చిరునామాను గడిలో వ్రాస్తుంది. ప్రాసెసరుకు తగిన వేగవంతమైన కోడును ఎంచుకోవడానికి పెట్టిన సదుపాయమిది. ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దీన్ని 2023లో వేగం పేరిట బాహాటంగానే చేర్చారు. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 కూర్పులలో ఆ చిన్న ఫంక్షన్ దొంగకోడును లేపింది. పట్టికలు ఇంకా వ్రాతకు తెరచి ఉన్న ఆ క్షణంలోనే అది పావులు కదిపి, ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు తాళంచెవిని సరిచూసే పిలుపు తన చేతికి వచ్చేటట్లు చేసుకుంది. పోస్ట్‌గ్రెస్ వేగాన్ని కొలిచే పనిలో ఉన్న ఆండ్రెస్ ఫ్రాయిండ్, లాగిన్‌కు అర సెకను ఎక్కువ పట్టడం చూసి కూపీ లాగి, 2024 మార్చి 29న లోకానికి వెల్లడించాడు.