మండువా లోగిలి (ఉత్తరాంధ్ర)

నట్టనడుమ ఆకాశం కనిపించే చదరపు ఖాళీ (మండువా), దాని చుట్టూ వసారాలు, గదులు ఉండే సంప్రదాయ గృహాన్ని మండువా లోగిలి అంటారు. శ్రీకాకుళం, విజయనగరం పాతపేటల్లో స్థితిమంతుల కుటుంబాలు ఇలాంటి ఇళ్ళు కట్టుకున్నాయి. అదే కాలంలో ఇక్కడి పల్లెల్లో, తీరగ్రామాల్లో తాటాకు కప్పు దాదాపు నేలను తాకే చుట్టిళ్ళు ఉండేవి.

నిర్మాణం
వీధి అరుగు, సావిడి, మండువా, వంటిల్లు, పెరడు, నుయ్యి: సాధారణంగా వరుస ఇది. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలుతాయి. వాననీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోతుంది. వేసవిలో వేడిగాలి అక్కడి నుంచే పైకి లేస్తుంది. ఇరుగుపొరుగు గోడలు కలిసిపోయిన ఇరుకు వీధుల్లో లోపలి గదులకు వెలుగూ గాలీ మండువానే ఇచ్చేది. వడియాలు ఎండబెట్టేదీ, పెళ్ళిపందిరి వేసేదీ అక్కడే.

చరిత్ర
శ్రీకాకుళం గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలోనే పాలనా కేంద్రం. విజయనగరంలో 1713లో కోట కట్టాక ఉద్యోగులు, పండితులు, వర్తకులు దాని చుట్టూ స్థిరపడ్డారు. 1890ల్లో తూర్పు తీర రైలుమార్గం రావడంతో దూరప్రాంతాల సరుకు అందుబాటులోకి వచ్చింది. 1865లో మంగళూరులో మొదలైన యంత్రపు పెంకుల తయారీ క్రమంగా దక్షిణాదంతా వ్యాపించి, కుమ్మరి చేసిన గూన పెంకు స్థానాన్ని ఆక్రమించింది. తరవాత సిమెంటు డాబాలు వచ్చాయి. అన్నదమ్ముల పంపకాల్లో మండువా మధ్య గోడ లేచి, ఎన్నో లోగిళ్ళు రెండుగా చీలాయి.

పరిరక్షణ
విజయనగరంలో రచయిత గురజాడ అప్పారావు (1862–1915) నివసించిన ఇల్లు స్మారకంగా నిలిచింది. సామాన్య లోగిళ్ళకు అలాంటి రక్షణ లేదు. వాటి రూపాన్ని నమోదు చేసుకోవాలన్నా, కప్పు వాలు, తూము దారి, స్తంభాల కొలతలు ఫోటోలో పూర్తిగా దొరకవు. కొలిచి గీసిన పటంలోనే దొరుకుతాయి. పడగొట్టేముందు ప్రతి లోగిలికీ అటువంటి పటం గీయించడం పురపాలక సంఘాలకూ, ఆర్కిటెక్చర్ విద్యార్థులకూ సాధ్యమయ్యే పని. ఆలస్యం చేయకూడని పని.