రోగి గోప్యత: వెల్లడికి నైతిక హద్దులు

చికిత్స సందర్భంగా తెలిసిన వ్యాధి వివరాలను రోగి అనుమతి లేకుండా బయటపెట్టకూడదన్న వైద్యధర్మమే రోగి గోప్యత. ఇది తిరుగులేని హక్కు కాదని సుప్రీంకోర్టు 1998లో మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్ కేసులో తేల్చింది. ఆ కేసులో, మరో రోగి ఆపరేషన్‌కు రక్తం ఇవ్వబోయిన వ్యక్తికి హెచ్‌ఐవీ ఉన్నట్టు పరీక్షలో బయటపడింది. సంగతి పొక్కి, కుదిరిన పెళ్లి ఆగిపోయింది. కాబోయే భార్య ఆరోగ్య హక్కే మిన్న అని కోర్టు భావించింది.

అయితే ఆమెను కాపాడాలన్న వాదన నలుగురికీ చెప్పడాన్ని సమర్థించదు. మంచానికి వేలాడే కేస్‌షీట్ మీద వ్యాధి పేరు పెద్దక్షరాల్లో రాస్తే అది వార్డంతటికీ చాటింపే. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ తేడాను గుర్తించింది: భాగస్వామికి గణనీయమైన ముప్పు ఉండి, కౌన్సెలింగ్ ఇచ్చినా రోగి చెప్పడని తేలితే, ముందుగా అతనికి తెలియజేసి, వైద్యుడు లేదా కౌన్సెలర్ భాగస్వామికి నేరుగా చెప్పవచ్చు. ఇంత తతంగంలో ఆలస్యమై ముప్పు ముంచుకొస్తుందన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. కానీ గుట్టు నిలవదన్న భయం పాకితే జనం పరీక్షలకే రారు. అప్పుడు ఎవరినైనా హెచ్చరించడానికి సమాచారమే ఉండదు. అందుకే వెల్లడి తప్పనిసరైనా, అవసరమైన వ్యక్తికి, అవసరమైనంత మేరకే పరిమితం కావాలి.