ఆర్కిటెక్ట్ కార్యాలయం: భవన నిర్మాణ దశలు

ఆర్కిటెక్ట్ కార్యాలయం భవనానికి తొలి ఆలోచన నుంచి నిర్మాణం పూర్తయ్యే దాకా వృత్తిపరమైన సేవలందించే సంస్థ. భారతదేశంలో 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ‘ఆర్కిటెక్ట్’ హోదా వాడుకోవాలి.

రూపకల్పన: యజమాని అవసరాలు, బడ్జెట్, స్థలం కొలతలు, గాలి, ఎండ దిశలు పరిశీలించి తొలి డిజైన్‌నూ, అంచనా వ్యయాన్నీ సిద్ధం చేస్తారు.

అనుమతులు: ప్లాన్లను స్థానిక సంస్థకు సమర్పిస్తారు. తెలంగాణలో 2020 చట్టం ఇందుకోసం టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ విధానాన్ని తెచ్చింది.

వర్కింగ్ డ్రాయింగులు: అత్యంత కీలకమైన దశ ఇదే. స్ట్రక్చరల్ ఇంజినీరు నిర్ణయించిన స్తంభాలు, దూలాలకు కరెంటు, నీటి, మురుగు పైపులు అడ్డు తగలకుండా అన్ని డ్రాయింగులనూ సరిపోల్చుతారు. పొరపాటు ఇక్కడే దొరికితే కాగితంపై దిద్దుకోవచ్చు. కాంక్రీటు పోశాక బయటపడితే పగలగొట్టాల్సిందే. ఆ తర్వాత ఈ డ్రాయింగుల ఆధారంగా పరిమాణాల పట్టిక, నాణ్యతా ప్రమాణాలతో టెండరు పత్రాలు తయారుచేసి, కాంట్రాక్టరు ఎంపికలో యజమానికి సలహా ఇస్తారు.

నిర్మాణం: ఆర్కిటెక్ట్ అప్పుడప్పుడు సైటు తనిఖీ చేసి, సందేహాలు తీర్చి, బిల్లులు ధ్రువీకరిస్తారు. రోజువారీ పర్యవేక్షణ మాత్రం సైటు ఇంజినీరుది.

ముగింపు: లోపాలు సరిచేయించి, కట్టిన తీరును చూపే తుది డ్రాయింగులు అప్పగిస్తారు. నివాసయోగ్యతా పత్రం పొందడంలో సాయపడతారు.