ప్రజా రవాణాలో మహిళల భద్రత: మొబైల్ సాంకేతికత

బస్సులు, రైళ్లు, ఆటోల్లో వెళ్లే మహిళలు ఆపదలో సాయం కోరడానికి, వేధింపులపై ఫిర్యాదు చేయడానికి, తామెక్కడున్నదీ అయినవాళ్లకు తెలపడానికి మొబైల్ ఫోన్‌ను వాడుకునే ఏర్పాట్లు మొబైల్ భద్రతా సాంకేతికత కిందికి వస్తాయి. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో కదిలే ప్రైవేటు బస్సులో ఒక విద్యార్థినిపై సామూహిక అత్యాచారం జరిగాక భారతదేశంలో ఈ ప్రయత్నాలు ఊపందుకున్నాయి. 2013 కేంద్ర బడ్జెట్ మహిళల భద్రతకు వెయ్యి కోట్ల రూపాయలతో నిర్భయ నిధిని ప్రకటించింది.

ఆపద ముంచుకొచ్చినప్పుడు ఫోన్ లాక్ తీసి, యాప్ వెతికి, వివరాలు టైపు చేసే వ్యవధి ఉండదు. అందుకే దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లోనూ పానిక్ బటన్ ఉండాలని 2016లో కేంద్రం నిబంధన తెచ్చింది. మామూలు ఫోన్‌లో 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన దిశ యాప్‌లో ఫోన్‌ను గట్టిగా ఊపినా పోలీసులకు సమాచారం అందేది. 2025 మార్చిలో దాని స్థానంలో అక్కడ శక్తి యాప్ మొదలైంది.

కిక్కిరిసిన రైలు పెట్టెలో చిక్కు వేరు. చుట్టూ జనం ఉన్నా, భయంతోనో బిడియంతోనో బాధితురాలికి గొంతు పెగలదు. టోక్యో పోలీసుల డిజీ పోలీస్ యాప్ ఈ బాధను చక్కగా గుర్తించింది. ఒక మీట నొక్కితే ఫోనే ‘ఆపండి’ అని పెద్దగా అరుస్తుంది. అరుపు వద్దనుకుంటే, పక్కన వేధించేవాడున్నాడని, సాయం చేయమని తెర నిండా అక్షరాలు కనిపిస్తాయి. వాటిని తోటి ప్రయాణికులకు చూపిస్తే చాలు. 2019 మే నాటికే దీన్ని 2,37,000 సార్లకు పైగా డౌన్‌లోడ్ చేసుకున్నారు. పోలీసులు వచ్చేలోగా ఆదుకోగలిగేది పక్కనున్నవాళ్లే కనుక, మన సిటీ బస్సులకూ ఇలాంటిది ఎంతో అవసరం.

బస్సు దిగాక ఇంటిదాకా నడిచే దారి కూడా ప్రయాణంలో భాగమే. కల్పనా విశ్వనాథ్, ఆశిష్ బసు 2013లో స్థాపించిన సేఫ్టీపిన్ సంస్థ దీని మీదే దృష్టి పెట్టింది. వీధి దీపాలు, కాలిబాట, జనసంచారం, బస్టాపు దూరం వంటి అంశాలను బట్టి చోట్లకు మార్కులు వేసి, ఆ సమాచారాన్ని నగర పాలకులకు అందిస్తుంది. చీకటి స్తంభానికి దీపం వెలిగితే ఫోన్ లేని స్త్రీకి కూడా మేలే. అలారం యాప్‌ల కన్నా ఇది విలువైన పని.

ఫోన్ లేని మాట ఊరికే అన్నది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతమే. వాళ్లలోనూ అందరివీ స్మార్ట్‌ఫోన్లు కావు. తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో ప్రారంభించిన టీ-సేఫ్ సేవ ఈ లోటును కొంత పూడుస్తుంది: యాప్ లేకపోయినా 100కు ఫోన్ చేసి తమ ప్రయాణాన్ని పోలీసుల పర్యవేక్షణలో ఉంచుకోవచ్చు. దేశమంతటా అత్యవసర సహాయానికి 112, రైలు ప్రయాణంలో 139 నంబర్లు ఎలాంటి ఫోన్ నుంచైనా పనిచేస్తాయి.