తల్లుల మాట విన్న కంటి డాక్టరు

బిడ్డ చూపు లేకుండానో, వినికిడి లేకుండానో పుడితే మన ఇండ్లలో ముందుగా మాట పడేది తల్లే. గ్రహణంనాడు బయట తిరిగిందని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు, తలా ఒక మాట అంటారు. అట్లా మాటలు పడి లోలోపల కుమిలిన తల్లులను మేమూ ఎరుగుదుము. ఈ దుఃఖం వెనుక కొన్నిసార్లు ఉండే అసలు కారణం ఎట్లా బయటపడిందో నాలుగు మాటల్లో చెప్పుకుందాము.

1941లో ఆస్ట్రేలియా దేశపు సిడ్నీ నగరంలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు వద్దకు పుట్టుకతోనే శుక్లాలు ఉన్న పసిబిడ్డలు వరుసగా రాసాగారు. అంతమందికి ఒకేసారి ఇట్లా ఎందుకయిందని ఆయన ఆలోచించి, తల్లులను అడిగాడు, వారు చెప్పింది విన్నాడు. కడుపుతో ఉన్న తొలి నెలల్లో జర్మన్ తట్టు వచ్చి పోయిందని చాలామంది చెప్పారు. దానినే రుబెల్లా అంటారు. 1940లో అది అక్కడ విపరీతంగా వ్యాపించింది. గ్రెగ్ పరిశీలించిన 78 మంది బిడ్డలలో 68 మంది తల్లులకు ఆ జబ్బు సోకి ఉన్నది. చాలామంది బిడ్డలకు గుండె జబ్బు కూడా ఉన్నది. మొదట కొందరు వైద్యులు సందేహించినా, చివరకు ఆయన మాటే నిజమయింది.

పెద్దలకు రుబెల్లా అంటే కొద్దిపాటి జ్వరం, మూడు రోజుల దద్దురు, అంతే. కొందరికి వచ్చినట్టే తెలియదు. గర్భంలోని శిశువుకు మాత్రం, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, అది పెను ముప్పు. 1964-65లో అమెరికాలో సుమారు 20,000 మంది బిడ్డలు ఈ దెబ్బతో పుట్టారు. 1962లోనే వైరస్‌ను పట్టుకున్నారు. 1969లో టీకా వచ్చింది.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 9 నెలలు నిండినవారి నుండి 15 ఏళ్ళలోపు పిల్లల వరకు అందరికీ ఈ టీకా వేసే పెద్ద కార్యక్రమం 2017లో జరిగింది. అప్పటికే ఆ వయసు దాటిన ఆడపిల్లలు ఎందరో టీకా లేకుండానే మిగిలిపోయి ఉండవచ్చు.

కనుక బిడ్డ కావాలనుకునే ముందే డాక్టరును కలిసి, టీకా వేసిన కాగితం లేకపోతే రుబెల్లా ఐ.జి.జి. రక్తపరీక్ష చేయించుకోవాలి. రక్షణ లేదని తేలితే టీకా వేయించుకొని, ఒక నెల ఆగి గర్భం దాల్చాలి. కడుపుతో ఉండగా ఈ టీకా వేయరు. అప్పుడు తెలిస్తే, దద్దురు ఉన్నవారికి దూరంగా ఉండి, కాన్పు తరువాత వేయించుకోవాలి.

నిఖా తేదీ కుదిరిన ఇంట బట్టలకు, దావతుకు లెక్కలు వేస్తాము. ఈ చిన్న పరీక్షను కూడా ఆ లెక్కలో చేర్చుకుందాము. రేపు ఏ తల్లీ చేయని తప్పుకు మాట పడకుండా ఉంటుంది.