హాంకాంగు చీనీయుల ధర్మవైద్యశాల

పరదేశమున 'నా' అనువారు లేక కన్నుమూయుటను, అపరక్రియలు నడుపువారు లేకపోవుటను మన పెద్దలు మహాదుర్గతిగా ఎంచిరి. చీనా దేశీయులును అట్లే ఎంచిరి. హాంకాంగు పట్టణమున తుంగ్ వా అను గొప్ప ధర్మవైద్యశాల వెలయుటకు ఈ భయమే మూలము.

ఆంగ్లేయులు 1841వ సంవత్సరమున హాంకాంగు ద్వీపమును ఆక్రమించిరి. మరుసటి యేట నాన్‌కింగు సంధిచే అది వారికి సంక్రమించెను. రేవు పెరిగినకొలది క్వాంగ్‌టుంగ్ రాష్ట్రమునుండి కూలీలు, పనివారలు, వర్తకులు వేలకొలదిగా వచ్చి చేరిరి. వీరిలో పెక్కురు ఆలుబిడ్డలను స్వగ్రామమున విడిచి ఒంటరిగా వచ్చినవారు. ప్రభుత్వ వైద్యశాల యున్నను దాని గడప త్రొక్కుటకు వారు వెరచిరి. అచటి భాష తెలియదు, ఔషధములు క్రొత్తవి, శస్త్రచికిత్స యన్నను, శవపరీక్ష యన్నను వారికి దుస్సహము.

1851లో కొందరు చీనా పెద్దలు ప్రభుత్వమును స్థలమడిగి, తైపింగ్‌షాన్ వీథిలో క్వాంగ్ ఫుక్ అను మందిరమును నెలకొల్పిరి. పరదేశమున గతించినవారి పేర్లు వ్రాసిన ఫలకములను నిలిపి పూజించుటకు అది ఏర్పడినది. కాలక్రమమున దిక్కులేని రోగులును అచటికే చేరజొచ్చిరి. 1869లో ఆల్‌ఫ్రెడ్ లిస్టర్ అను అధికారి తనిఖీకి వెళ్లగా, మృతులును మరణావస్థలో నున్నవారును ప్రక్కప్రక్కనే పడియుండిరి. ఆ సంగతి పత్రికలకెక్కి పెద్ద అలజడి పుట్టించెను.

అంతట చీనా వర్తక ప్రముఖులు తమ వైద్యవిధానమే నడచు ఆసుపత్రికై పూనుకొనిరి. గవర్నరు సర్ రిచర్డ్ మెక్‌డొనెల్ సమ్మతించి, స్థలమును, 1,15,000 డాలర్లును ఇప్పించెను. ఈ ద్రవ్యము జూదగృహముల లైసెన్సులవలన వచ్చినది. జూదమున ధర్మరాజు రాజ్యము కోల్పోయిన కథ నెరిగినవారికి, జూదపు సొమ్ము ధర్మమునకు వినియోగమగుట వింతగా తోచును. 1870లో చట్టము చేయబడెను. ఆ యేటనే ఏప్రిల్ 9వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1872 ఫిబ్రవరి 14వ తేదీన ఆసుపత్రి తెరువబడెను.

ఆంగ్ల వర్తక సంస్థయొక్క దుబాసీయగు లియుంగ్ ఆన్ ప్రథమాధ్యక్షుడు. వివిధ వర్తక సంఘములవారు ఏటేట కార్యనిర్వాహకులను ఎన్నుకొనుచుండిరి. దాతల పేర్లును, ఆదాయవ్యయములును ముద్రించి ప్రకటించుట ఆచారమయ్యెను. పేదలకు ఉచితముగా మూలికావైద్యము జరిగెను. అనాథ ప్రేతములకు సంస్కారము జరిగెను. దూరదేశములందు మరణించిన చీనీయుల అస్థికలు స్వగ్రామములకు చేర్చబడెను. 1877-78 నాటి ఉత్తర చీనా క్షామమునకు విరాళములు పంపబడెను.

1894లో మహామారి ప్లేగు ప్రబలినపుడు సంస్థకు గడ్డుకాలము వచ్చెను. ఆ యేట పట్టణమున 2,500 మందికి పైగా మరణించిరి. సైనికులు ఇల్లిల్లు సోదాచేసి రోగులను హైజీయా అను ఓడకు తరలించుచుండిరి. ప్రజలు భీతిల్లి, తమ రోగులను తుంగ్ వాకే అప్పగింపుడని మొరపెట్టిరి. పాశ్చాత్య వైద్యులో, ఆ ఆసుపత్రి శుచిలేనిదని, రోగనిర్ణయము సరిగా లేదని నిందించిరి. ఒకప్రక్క ప్రజల విశ్వాసము, మరియొకప్రక్క ప్రాణరక్షణకు వలసిన నూతనశాస్త్రము. నడుమ కార్యనిర్వాహకులు నలిగిరి. ఆ యేటనే, ఆ పట్టణముననే, కిటసాటో, యెర్సిన్ అను శాస్త్రజ్ఞులు ప్లేగు క్రిమిని పరిశోధించి కనుగొనిరి. 1896లో ఆ వ్యాధి మన బొంబాయి నగరమునకును ప్రాకెను.

1896లో ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను. ఆసుపత్రిని మూసివేయవలెనన్న మాటయు వినవచ్చెను. తుదకు అది నిలిచినది; పాశ్చాత్యవైద్యము నేర్చిన చీనా వైద్యుడు ఒకడు అందు నియమింపబడెను. రోగి తనకిష్టమైన చికిత్సను కోరుకొనవచ్చును. ఈ సర్దుబాటువలన విశ్వాసమును చెడలేదు, విజ్ఞానమునకును ద్వారము తెరువబడినది.

పిమ్మట 1911లో క్వాంగ్ వా ఆసుపత్రియు, 1929లో తుంగ్ వా తూర్పు ఆసుపత్రియు ఏర్పడెను. 1931లో మూడును ఒకే పాలనలోనికి వచ్చెను. 1997లో హాంకాంగు చీనాకు తిరిగి చేరినను, ఆ ధర్మసంస్థ నేటికిని వైద్యశాలలను, విద్యాలయములను నడుపుచున్నది.

చందాలపై నిలుచు సంస్థ యేదైనను, చిన్నదైనను పెద్దదైనను, రెండింటిచే బ్రదుకును: చందా యిచ్చినవానికి లెక్క చూపుట, కాలము కోరిన మార్పునకు వెరవకుండుట. లెక్క తప్పినచో దాత తొలగును. మార్పు నొల్లనిచో కాలము తొలగించును. తుంగ్ వా రెండును ఎరిగి నిలిచినది.