జాబులు రాసి నిలబెట్టుకున్న ఓడ

మా మామకు ఇంగ్లీషు రాదు. అయినా 1980లలో దూరదర్శన్‌లో ‘స్టార్ ట్రెక్’ వస్తే పక్కింటి గడప దగ్గర కూర్చొని చూసేవాడంట. “మాటలు ఒక్కటీ అర్థం కాలేదురా. చెవులు మొనదేలిన ఆయప్ప మాత్రం ఇంకా కండ్లలోనే ఉండాడు” అని ఇప్పటికీ అంటాడు. “ఆయప్ప కత ఏమైందో నువ్వు చదివి చెప్పు” అని ఒకరోజు అడిగినాడు. అట్లా మొదలుపెట్టి చదివేకొద్దీ, ఆ ఓడ కథ కంటే దాన్ని చూసినవాళ్ల కథే నాకు పెద్దదిగా తోచింది. ఈ వ్యాసం ఆ చూసినవాళ్ల గురించి.

‘స్టార్ ట్రెక్’ మొదటి భాగం 1966 సెప్టెంబరు 8న అమెరికాలో ఎన్‌బీసీ టీవీలో వచ్చింది. దాన్ని తయారుచేసినవాడు జీన్ రాడెన్‌బెరీ. ‘ఎంటర్‌ప్రైజ్’ అనే ఓడలో మనుషులు నక్షత్రాల మధ్య తిరుగుతూ ఉంటారు. ఓడ నాయకుడు కిర్క్. చెవులు మొనదేలిన స్పాక్ అతని కింది అధికారి. స్పాక్ తండ్రిది వల్కన్ అనే గ్రహం, తల్లి మాత్రం మన భూమి మనిషి. అతని రక్తం ఆకుపచ్చ. కోపం, దుఃఖం బయటికి చూపించడు. ఆ పాత్ర వేసిన నటుడు లెనార్డ్ నిమాయ్.

అప్పుడు ఇండ్లలో వీడియోలు లేవు. ఒక వారం భాగం చూడకపోతే, మళ్లీ వేసేదాకా అది పోయినట్టే. కాబట్టి చూసినవాళ్లు చూసినదాన్ని గుర్తు పెట్టుకొని, కాగితం మీద పెట్టి, ఒకరికొకరు పంపుకున్నారు. 1967లో న్యూయార్క్ అభిమానులు ‘స్పాకనేలియా’ అనే పత్రిక తీశారు. స్టార్ ట్రెక్ కోసమే అభిమానులు తీసిన మొట్టమొదటి పత్రికగా దాన్ని చెబుతారు. ఆ ఏడాది సెప్టెంబరు 15న వచ్చిన భాగంలో స్పాక్ పుట్టిన గ్రహాన్ని మొదటిసారి చూపించారు. టీవీలో చూపించింది కొంచెమే. మిగిలినదంతా అభిమానులే ఊహించారు. వల్కన్‌వాళ్ల మనసు ఎలా పనిచేస్తుంది, వాళ్ల భాష ఎలా ఉంటుంది, పెండ్లి ఆచారాలు ఎందుకు అలా ఉన్నాయి అని వ్యాసాలు, కథలు రాసుకున్నారు.

ఇది పనిలేనివాళ్ల పని అని మా తరగతిలో ఒకరు అన్నారు. నాకు అలా అనిపించలేదు. దొరికిన ముక్క ఒకటి, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీని నింపే ఊహ, తర్వాత ఆ ఊహకు సాక్ష్యం ఉందా అని ఇంకొకరి ప్రశ్న. చరిత్ర పాఠంలో సింధు లోయ ముద్రల గురించి మేము చేసేదీ ఇదే కదా!

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ క్లింగాన్ల నుదురు. క్లింగాన్లు ఆ కథలో కిర్క్‌వాళ్లకు శత్రువులు. 1960లలో వాళ్ల నుదురు మన నుదురులాగే నున్నగా ఉండేది. 1979లో సినిమా తీసినప్పుడు చేతిలో డబ్బు ఎక్కువ ఉంది. మేకప్ మార్చి, నుదుటి మీద గట్లు గట్లుగా ఎముకలు పెట్టారు. కథలో మాత్రం కారణం చెప్పలేదు. ఇక అభిమానులు ఊరుకుంటారా? వాళ్లు రెండు జాతులు అన్నారు కొందరు. మనుషుల్లో కలిసిపోవడానికి శరీరం మార్చుకున్నారు అన్నారు కొందరు. మేకప్ ఖర్చు తప్ప ఇంకేమీ లేదు అన్నారు ఇంకొందరు. 1996లో వచ్చిన ఒక భాగంలో ఇదే ప్రశ్న వోర్ఫ్ అనే క్లింగాన్‌ను అడిగితే, బయటివాళ్లతో ఆ సంగతి మాట్లాడము అని దాటేస్తాడు. అది అభిమానులను చూసి నవ్విన నవ్వు. చివరికి 2005లో రెండు భాగాలు పెట్టి జవాబు చెప్పారు. మనుషుల జన్యువులతో క్లింగాన్లు చేసిన ప్రయోగం వికటించి, అంటురోగమై, వాళ్ల నుదుర్లు నున్నగా చేసిందంట. చూసేవాళ్లు ఇరవై అయిదేండ్లకు పైగా వదలకుండా అడిగిన ప్రశ్న కథలోనే పాఠమైపోయింది.

ఇప్పుడు జాబుల సంగతి. 1967 చివరికి స్టార్ ట్రెక్‌ను రెండో ఏడాదితో ఆపేస్తారని మాట పుట్టింది. చూసేవాళ్ల లెక్క ఎన్‌బీసీకి చాలలేదు. బీజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అనే భార్యాభర్తలు ఒక పని తలపెట్టారు. ఒక్కొక్కరు పదిమందికి చెప్పాలి. ఆ పదిమందీ జాబు రాసి, ఒక్కొక్కరు ఇంకో పదిమందికి చెప్పాలి. కాలేజీ పిల్లలు కూడా కదిలారు. 1968 జనవరిలో కాల్‌టెక్ విద్యార్థులు దాదాపు 200 మంది బర్‌బ్యాంక్‌లోని ఎన్‌బీసీ స్టూడియో దాకా ఊరేగింపుగా నడిచారు. జాబులు రాసినవాళ్లలో పిల్లలే కాదు, డాక్టర్లు, శాస్త్రవేత్తలు, టీచర్లు ఉన్నారు.

ఎన్ని జాబులు వచ్చాయి? ఇక్కడే చరిత్ర రాసేవాళ్లు ఆగి చూసుకోవాలి. పది లక్షలు అని అభిమానులు చెప్పుకుంటారు. ఎన్‌బీసీ బయటపెట్టిన లెక్క మాత్రం 1967 డిసెంబరు నుంచి 1968 మార్చి దాకా దాదాపు 1,16,000. ఒక్క ఫిబ్రవరిలోనే 52,000కు పైగా. నేను చిన్న లెక్కనే నమ్ముతాను. అది కూడా తక్కువేమీ కాదు. ఇంకొక సంగతి. ఈ పనిని లోలోపల నడిపించి, డబ్బు కూడా సాయం చేసింది రాడెన్‌బెరీయే అని తర్వాత తెలిసింది. అంటే ఇది పూర్తిగా ప్రజలంతట ప్రజలు చేసిన పని కాదు. మొదట చదివినప్పుడు నాకు కొంచెం బాధ వేసింది. తర్వాత ఆలోచించినాను. నిప్పు ఒకరు అంటించి ఉండవచ్చు, లక్ష కలాలు ఒకరే పట్టుకోలేరు కదా.

1968 మార్చి 1న, స్టార్ ట్రెక్ మళ్లీ వస్తుందని ఎన్‌బీసీ టీవీలోనే ప్రకటించింది. జనం ఊరుకోకుండా, ఈసారి మెచ్చుకుంటూ మళ్లీ జాబులు రాశారు.

కానీ గెలుపు పూర్తి కాలేదు. మూడో ఏడాది దాన్ని శుక్రవారం రాత్రి 10 గంటలకు వేశారు. దాన్ని ఎక్కువగా ఇష్టపడే పడుచువాళ్లు ఇంట్లో ఉండే వేళ కాదది. ఖర్చుకు డబ్బు తగ్గించారు. 1969 జూన్ 3న ఆఖరి కొత్త భాగం వచ్చింది. మొత్తం 79 భాగాలు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టడానికి ఇంకా ఏడు వారాలు కూడా లేదు, నక్షత్రాల ఓడ ఆగిపోయింది.

అయితే జాబులు దండగేనా? కాదు. పాత భాగాలను ఊరూరి టీవీ కేంద్రాలకు అమ్ముకోవాలంటే, రోజూ ఒకటి వేసినా కొన్ని నెలలు నడిచేటన్ని భాగాలు చేతిలో ఉండాలి. రెండేండ్ల భాగాలు అందుకు చాలవు. జాబులు తెచ్చిన మూడో ఏడాదే ఆ లెక్కను నిలబెట్టింది. 1970లలో రోజూ సాయంత్రం పాత భాగాలు చూసి కొత్త అభిమానులు పుట్టారు. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానుల సభ పెడితే, కొన్ని వందల మంది వస్తారనుకున్న చోటికి 3,000 మందికి పైగా వచ్చారు. 1976లో నాసా తన మొదటి స్పేస్ షటిల్‌కు ‘కాన్‌స్టిట్యూషన్’ అని పేరు పెట్టబోతే, అభిమానులు మళ్లీ వేలకొద్దీ జాబులు రాశారు. అధ్యక్షుడు ఫోర్డ్ దాని పేరు ‘ఎంటర్‌ప్రైజ్’ అని మార్పించాడు. పాపం, ఆ షటిల్ అంతరిక్షానికి పోనేలేదు. గాలిలో పరీక్షలకే దాన్ని వాడారు.

ఒక అభిమాని సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం తక్కువ పడుతుంది. ఓడలో ఉహూరా అనే అధికారిణి పాత్ర వేసిన నిషెల్ నికల్స్ నల్లజాతి నటి. మొదటి ఏడాది అయ్యాక మానేద్దామనుకుందంట. ఒక సభలో ఒక అభిమాని ఆమెను కలవాలన్నాడని చెబితే తిరిగి చూసింది. ఎదురుగా మార్టిన్ లూథర్ కింగ్! మానవద్దు, తెల్లవాళ్లతో సమానంగా మనల్ని జనం చూస్తున్నది ఇక్కడే అని ఆయన నచ్చజెప్పినట్టు ఆమె తానే చాలాసార్లు చెప్పింది. ఆమె మానలేదు. 1977లో ఆడవాళ్లనూ నల్లజాతివాళ్లనూ వ్యోమగాములుగా చేరమని పిలవడానికి నాసా తరఫున ఊరూరూ తిరిగింది. 1978లో నాసా ఎంచుకున్న 35 మందిలో మొదటిసారిగా ఆరుగురు ఆడవాళ్లు ఉన్నారు. ఉహూరాను చూస్తూ పెరిగిన మే జెమిసన్ 1992లో అంతరిక్షానికి పోయి వచ్చి, 1993లో స్టార్ ట్రెక్ కొత్త వరుసలో చిన్న వేషం కూడా వేసింది.

ఇదంతా మామకు చెప్పినాను. ఆయన అంతా విని, “లక్షమంది ఒకే జాబు మీద సంతకం చేసినారా, ఎవరిది వాళ్లు రాసినారా?” అని అడిగినాడు.

ఆ ప్రశ్నకు నేను ఉలిక్కిపడినాను. పోయిన ఏడు మా తరగతికి తెలుగు పుస్తకాలు ఆలస్యంగా వచ్చినాయి. మిగతా మీడియం పిల్లలు రెండో పాఠంలో ఉంటే, మేము పాత పుస్తకాలు ఇద్దరికొకటి పెట్టుకొని చదివినాము. అప్పుడు మేమంతా ఒకే అర్జీ కింద సంతకాలు చేసి పంపినాము. జవాబు రాలేదు. ఆ అర్జీలో మా పేర్లు ఉండినాయి గానీ మా మాటలు లేవు. ఇంట్లో తెలుగు చదివి వినిపించమని అడిగే అవ్వ సంగతి లేదు, మధ్యాహ్నం అన్నం తినకుండా పాఠం ఎత్తి రాసుకున్న పిల్ల సంగతి లేదు.

“ఎవరిది వాళ్లే రాసినారు మామా” అన్నాను.

“అయితే మీరూ అట్లే రాయండి” అన్నాడు.

మా తరగతిలో 23 మంది ఉన్నాము. పోస్టు కార్డులు కొన్నాము. ఎవరి కారణం వాళ్లదే రాయాలని, ఒకరిది ఒకరు చూసి రాయకూడదని అనుకున్నాము. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి అవి పోస్టులో వేసి ఉంటాము. చదివినవాళ్లు ఒక్కొక్కరు ఇంకో పదిమందికి చెబితే బాగుంటుంది.